వేయొద్దని చెప్పే ఉద్యోగం

ఆ రోజుల్లో జరిగిన ఈ సంగతిని ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు కాబట్టి. తీరిక లేక రాయలేదనీ, మనసు కుదరక రాయలేదనీ రాసే పెద్దవాళ్ళు చెబుతుంటారట. నా కారణం అంత గొప్పది కాదు. నలభై దాటాక మా ఊరి అంగన్‌వాడీలో, మధ్యాహ్నం పూట పిల్లల వెనకాల గోడకి ఆనుకుని కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. టీచరమ్మ మంచిది, ఒక్కసారి కూడా నవ్వలేదు. నా పక్కన కూర్చునే మూడేళ్ళ పిల్ల మాత్రం నా పలక కేసి చూసి, "అమ్మమ్మా, నీది వంకర" అని తేల్చేసేది. వంకరే మరి! పుట్టిన దగ్గర్నుంచీ రొయ్యల్ని చూసిన కళ్ళకి తెలుగు అక్షరాలన్నీ రొయ్యల్లాగే కనిపించాయి. ఒళ్ళు గుండ్రంగా చుట్టుకుని, పైన తలకట్టు మీసంలా నిలబెట్టుకుని. రొయ్యని చేత్తో పట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య, అక్షరాన్ని పట్టుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు రెండు రూళ్ళ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే మా ఆయన, "ఏం రాస్తున్నావ్?" అని అడిగాడు. "మనం గట్టు దిగిన కథ" అన్నాను. "నా గురించి బాగా రాయి" అన్నాడు. రాస్తాను, ఆయన చేసింది తక్కువ కాబట్టి ఎక్కువ చోటు పట్టదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. వనామీ అనే కొత్త రకం రొయ్య మా బంటుమిల్లి వైపు అప్పుడే దిగిన రోజులవి. నా పుట్టిల్లు కొల్లేటి పక్కన, మెట్టినిల్లు సముద్రం పక్కన, కాపురం మాత్రం ఒక రైతుగారి రొయ్యల చెరువుల గట్టు మీద. ఒక రేకుల షెడ్డు, అందులో మేం ఇద్దరం, మేత బస్తాలు నలభై (చోటు ఎక్కువ బస్తాలదే). మా ఆయన వలలు లాగే మనిషి. పంట కొచ్చిన చెరువుల్లో రొయ్య పట్టుబడులు ఉన్న రోజు ఊళ్ళు తిరిగేవాడు, లేని రోజు చెరువులకి కాపలా కాసేవాడు. నా పని మేత చల్లడం, రెండు గంటలయ్యాక చెక్ ట్రే పైకి లాగి చూడటం. చెక్ ట్రే అంటే చట్రానికి వల కట్టిన పళ్ళెం లాంటిది. అందులో కాస్త మేత వేసి నీళ్ళలోకి దింపుతారు. రొయ్య ఎంత తిన్నదీ, ఎంత వదిలేసిందీ, ఒంట్లో ఎలా ఉన్నదీ గట్టు మీద ఉన్నవాళ్ళకి తెలిసేది దానితోనే. మా రైతుగారు నోరు తెరిస్తే ఆపడం ఎవరివల్లా అయ్యేది కాదు. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ ఎలా మోగుతుందో అలా మోగేవాడు. అందుకని చాటుగా ఆయన్ని ఏరేటరుగారు అనేవాళ్ళం (ఎదురుగా మాత్రం బాబుగారే).

ట్రే పక్కన ఒక పుస్తకం వేలాడదీసి, అందులో పూటపూటకీ రాయమనేవాడు ఏరేటరుగారు. నాకు రాదు కాబట్టి, రాయాల్సినదంతా ఒంటికే తెలిసేది. అడుగున మట్టిని కాలి వేళ్ళతో నొక్కితే అది మెత్తగా ఉందో, కుళ్ళిందో పాదం చెప్పేది. రొయ్యని వెలుతురుకి ఎత్తి చూస్తే వీపు మీద నల్లదారంలా పేగు కనిపిస్తుంది. దారం నిండుగా ఉంటే కడుపు నిండినట్టు, మధ్యలో తెగి ఉంటే ఏదో ఇబ్బంది ఉన్నట్టు. కొంగలు ఒక చెరువుని వదిలేసి ఇంకో చెరువు గట్టున బారులు తీరాయంటే, ఆ రెండో చెరువులో రొయ్య నీరసపడి పైకి తేలుతోందన్నమాట. కొంగ కంటే నిజాయితీగల డాక్టరు మా వైపు ఇంకొకడు లేడు. ఇవన్నీ మా అమ్మ, మా అమ్మమ్మ కొల్లేట్లో చూసి తెలుసుకున్నవే తప్ప నేను కనిపెట్టినవి కావు.

పక్క చెరువు రైతుని ఊరంతా చుట్టబాబాయి అనేవారు. ఆయన నోట్లో చుట్ట వెలుగుతూ ఉన్నది నేను చూడలేదు, ఆరిపోయిన చుట్టే ఎప్పుడూ. ఒక రోజు పొద్దున్నే ఆయన నాలుగు డబ్బాల మందు గట్టు మీద పేర్చి, మూతలు తీసి పెట్టుకున్నాడు. ముఖం చూస్తే చావు కబురు విన్నవాడిలా ఉన్నాడు. "ఏమైందండీ బాబాయిగారూ?" అన్నాను. "నిన్నటి నుంచీ మేత ముట్టలేదమ్మాయ్. చెరువు పోయింది. ఈ మందులన్నీ పోసేయమన్నాడు కన్సల్టెంటు" అన్నాడు. నేను ఆయన ట్రే లాగి చూశాను. నాలుగైదు పెంకులు తేలుతున్నాయి, ఉత్త డొల్లలు. "ఇవాళ అమావాస్య కదండీ" అన్నాను. "అయితే?" "అమావాస్యకీ పున్నానికీ రొయ్య పెంకు విడుస్తుందండి. బట్టలు మార్చుకుంటూ ఉన్నవాళ్ళని అన్నానికి రమ్మంటే ఎవరొస్తారు? తలుపేసుకుని కూర్చుంటారు. ఏమీ వేయొద్దండి. రెండు రోజులు మేత సగం చేసి ఊరుకోండి." ఆయన చుట్ట ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మార్చాడు. "ఊరుకోవడమేనా?" అన్నాడు అనుమానంగా. ఊరుకోవడం అంత కష్టమైన పని మా డెల్టా రైతుకి ఇంకొకటి లేదు. అయినా పాపం ఊరుకున్నాడు. మూడో రోజు రొయ్యలు ట్రే నాకేశాయి.

ఇక అక్కడి నుంచి మొదలైంది. మధ్యాహ్నం అయ్యేసరికి మా షెడ్డు ముందు బళ్ళు ఆగేవి. "అమ్మాయ్, ఒక్కసారి వచ్చి మా నీళ్ళు చూసి పో." "అమ్మాయ్, ఈ రొయ్య ఏమంటోందో చెప్పు." వెళ్ళి చూసేదాన్ని. పదింట్లో ఎనిమిది చోట్ల నా మాట ఒకటే: ఏమీ వేయొద్దండి. వాళ్ళు సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు. ఒకాయన వంకాయలు ఇచ్చాడు, ఒకాయన అరటిపళ్ళు ఇచ్చాడు, ఒకాయన దండం పెట్టాడు. అంతే. ఎందుకంటే మా వైపు రొయ్యల కన్సల్టెంట్లకి రైతు జీతం ఇవ్వడు. వాళ్ళు చెరువు చూసి మందుల చీటీ రాస్తారు, ఆ మందు కొన్న దుకాణం వాళ్ళకి కమీషన్ ఇస్తుంది. చీటీ ఎంత పొడుగ్గా ఉంటే సలహా అంత విలువైనదన్నమాట. నా సలహాకి చీటీ లేదు. ఉంటే గింటే ఖాళీ చీటీ.

ఈ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టింది మా అత్త. ఆమె ఊళ్ళో ఒంటిగది ఇంట్లో ఉంటూ, పాతికేళ్ళ పాటు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషి. వారానికోసారి గట్టు మీదకి వచ్చి మమ్మల్ని తిట్టి వెళ్ళేది. "ఏమే, వైద్యం మొదలెట్టావంట కదా. ఏం ముడుతోంది?" అంది. నేను అరటిపళ్ళు చూపించాను. "అబ్బో! ఊరికే కూర్చోమని చెప్పినందుకు కూలి ఎవడిస్తాడే? పొయ్యి మీద ఏమీ పెట్టొద్దని చెప్పే వంటమనిషిని ఎక్కడైనా చూశావా?" అంటూ నాలుగు పళ్ళు అక్కడే తినేసి, మిగిలినవి చెంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

ఏరేటరుగారికి కూడా తెలిసిపోయింది. తెలిసిన రోజున ఆయన మోత చెరువు అవతలికి వినిపించింది. "నా గట్టు మీద ఉంటూ, నా కరెంటు కింద కూర్చుని, ఊరందరి చెరువులకీ వైద్యం చేస్తావా? నా రొయ్య పాలు తాగి పెరిగిందా, వాళ్ళ రొయ్య నీళ్ళు తాగి పెరిగిందా?" (ఈ మాటకి అర్థం ఆయనకీ తెలియదనుకుంటాను.) "చూడమ్మాయ్, ఈ వారం గడువు. నా ట్రేలు లాగుతావా, లేకపోతే గట్టు ఖాళీ చేసి నీ కన్సల్టెంటు పని చూసుకుంటావా, తేల్చుకో. రెండు పడవల్లో కాళ్ళు పెట్టనివ్వను." గట్టు దిగితే షెడ్డు పోతుంది, నెల జీతం పోతుంది, అత్త ఒంటిగదిలో ముగ్గురం సర్దుకోవాలి. మా ఆయన్ని అడిగాను, ఏం చేద్దామయ్యా అని. "నీ ఇష్టం" అన్నాడు. "నీ ఇష్టం ఏంటో చెప్పు." "నీ ఇష్టమే నా ఇష్టం. కూరలో ఉప్పు తక్కువైంది." ఆయన తేల్చి చెప్పేది ఉప్పు సంగతి ఒక్కటే.

అదే వారంలో కారేసుకుని గట్టు మీదికి ఒకాయన వచ్చాడు. విజయవాడ గవర్నర్‌పేటలో చెరువుల మందుల టోకు వ్యాపారం ఆయనది. చొక్కా జేబులో కూడా చిన్న సీసా పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి నేను ఆయనకి సీసాల సారు అని పేరు పెట్టుకున్నాను. "నీ పేరు ఊరూరా వినపడుతోందమ్మా. సోమవారం మా మీటింగుకి రా. నిన్ను మా కన్సల్టెంటుని చేస్తాం. జీతం, బండి, కమీషన్. ఈ గట్టు మీద ఎన్నాళ్ళు?" అన్నాడు. వెళ్ళేముందు ఒక నీలం బ్యాగు, ఒక టోపీ, ఒక కార్డుల కట్ట ఇచ్చాడు. కార్డు మీద నా పేరు అచ్చేయించాడట. ఏముందో నాకు తెలియదు కానీ ఎంత నున్నగా ఉందో! చెంపకి ఆనించి చూసుకున్నాను. (మొన్న అక్షరాలు వచ్చాక మిగిలిన ఒక్క కార్డూ కూడబలుక్కుని చదివాను. నా పేరు కింద సీనియర్ కన్సల్టెంట్ అని ఉంది. ఉద్యోగంలో చేరకుండానే సీనియర్‌ని అయిపోయాను.)

నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. ఆ బ్యాగు భుజాన వేసుకుని గట్టు ఆ చివర్నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచాను. కొంగలు తప్ప చూసినవాళ్ళు లేరు.

సోమవారం నాతో అత్త బయల్దేరింది. "ఒక్కదానివే బెజవాడ ఎలా పోతావే? పైగా అక్కడ భోజనాలు పెడతారంట" అంది. బందరు నుంచి బస్సెక్కాం. ఉయ్యూరు దగ్గరికి వచ్చేసరికి, అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే రోజులు కావడంతో బస్సు నిండా చెరకు మడ్డి వాసన, తియ్యగా, ఘాటుగా కమ్ముకుంది. అత్త చెంగుతో ముక్కు మూసుకుని, "బెల్లం మాడబెట్టినట్టుందే" అని గట్టిగా అరిచింది; ఆమె ఏది చెప్పినా అరిచినట్టే ఉంటుంది, తట్ట మోసిన గొంతు. గవర్నర్‌పేటలో ఆటో దిగి, ఒక లాడ్జి మేడ మీద హాల్లోకి వెళ్ళాం. చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు, యాభై మంది రైతులు. మా వైపు వాళ్ళే సగం. చుట్టబాబాయి ముందు వరుసలో, నోట్లో ఆరిన చుట్టతో. అత్త ఆఖరి వరుసలో కూర్చుని, లడ్డూల పళ్ళెం ఎటు నుంచి వస్తుందో చూసుకుంటోంది.

సీసాల సారు మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. ఆఖర్న, "మన డెల్టా ఆడపడుచు, గట్టు మీద పుట్టిన డాక్టరమ్మ!" అని నన్ను పిలిచాడు. (నేను గట్టు మీద పుట్టలేదు, పడవలో పుట్టాను. కానీ మైకులో అన్నాక సరిదిద్దడం ఎలా?) ముందు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పన్నెండు సీసాలు వరసగా పెట్టారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, బంగారు రంగు కాగితాలు, ఒక్కోదాని మీద ఒక్కో రొయ్య బొమ్మ, రొయ్యలన్నీ నవ్వుతున్నాయి. "ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని రైతులకి చూపించమ్మా. నీ చెయ్యి పడితే వాళ్ళకి నమ్మకం" అన్నాడు సారు. అని పక్కకి తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

చూపించమన్నాడు సరే, ఏది ఏమిటో తెలియకుండా ఎలా చూపించను? కాగితం మీద ఉన్నది చదవలేను. కాబట్టి నాకు తెలిసిన పద్ధతిలో తెలుసుకున్నాను. మూత తీశాను, వాసన చూశాను. ఒక చుక్క వేలి మీద వేసుకుని రుద్దాను. తర్వాతది తీశాను. పట్టుబడి రోజున వలలోంచి పోసిన రొయ్యల్ని పెద్దవి పెద్దవాటిలో, చిన్నవి చిన్నవాటిలో ఏరడం మా ఆడవాళ్ళ పని. అలా పదేళ్ళు ఏరిన చేతులివి. మనసు ఎక్కడున్నా చేతులు ఏరుకుంటూ పోతాయి. అయిదు నిమిషాలు గడిచేసరికి బల్ల మీద పన్నెండు సీసాల వరస లేదు. అయిదు ఒక గుంపు, నాలుగు ఒక గుంపు, రెండు ఒక గుంపు, ఒకటి విడిగా. హాల్లో అందరూ మెడలు సాచి చూస్తుండటం అప్పుడు గమనించాను. సారు ఇటు తిరిగి, "ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు.

నాకు ఆయన మీద జాలేసింది. ఇంత పెద్ద దుకాణం నడుపుతున్నవాడు, పనివాళ్ళు ఇలా చేస్తే ఎంత నష్టం! అందుకని మెల్లగా చెవిలో చెప్పినట్టే చెప్పాను. మైకు నా ముందే ఉందన్న సంగతి మాత్రం మర్చిపోయాను. "అయ్యా, మీ పనివాళ్ళు కాగితాలు తారుమారుగా అంటించినట్టున్నారండి. ఈ అయిదూ ఒకటే సరుకు, చెరకు మడ్డి. మంచిదేనండి, చెరువుకి మేమూ వేస్తాం. ఈ నాలుగూ పులిసిన కుడితి వాసన. ఈ రెండూ ఆస్పత్రి వాసన. ఇది మాత్రం తెలియట్లేదండి, దీనికి ఏ వాసనా లేదు, నీళ్ళలాగే ఉంది. కాగితాలు మళ్ళీ సరిగ్గా అంటిస్తే రైతులు పొరపడకుండా ఉంటారండి."

ఆ నాలుగు మాటలూ హాలు నాలుగు మూలలా మోగాయి. ముందుగా ఆఖరి వరుస నుంచి, నోటి నిండా లడ్డూతో అత్త గొంతు: "ఉయ్యూరు వాసనేగా! ఇందాకట్నుంచీ నేను అనుకుంటానే ఉన్నా!" తర్వాత చుట్టబాబాయి లేచి నిలబడ్డాడు. చుట్ట చేతిలోకి తీసుకున్నాడు, అది చాలా అరుదు. "అయితే పోయిన పంటకి నేను ఒకే సరుకుని అయిదు పేర్లతో అయిదుసార్లు పోశానా?" అన్నాడు. పక్కనున్నాయన, "నువ్వు అయిదుసార్లేగా బాబాయ్, నేను ఆ నీళ్ళ సీసా రెండు పెట్టెలు కొన్నా" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, యాభై మంది పొట్టలు పట్టుకుని నవ్వారు. సారు మైకు లాక్కుని, "టెక్నాలజీ వేరండీ, టెక్నాలజీ వేరు" అంటున్నాడు గానీ, "ఆ టెక్నాలజీకి మూత తియ్యి, మళ్ళీ వాసన చూస్తాం" అని వెనకనుంచి ఒకడు. నేను బిక్కచచ్చిపోయి నిలబడ్డాను. ఏదో తప్పు చేశానని తెలుస్తోంది, ఏం తప్పో తెలియట్లేదు.

భోజనాల దగ్గర సారు నన్ను పక్కకి పిలిచాడు. తిడతాడనుకున్నాను. ఆయన వ్యాపారస్తుడు, కోపం దాచుకుని నవ్వాడు. "నీకు ఆ ముక్కు ఎవరిచ్చారమ్మా? ఆ ముక్కు మాకు కావాలి. జీతం రెండింతలు చేస్తాను. ముక్కు ఎప్పుడు కావాలంటే అప్పుడు వాడుకో, నోరు మాత్రం నేను చెప్పినప్పుడు తెరువు." నేను వెంటనే కాదనలేదు. అనేశానని రాసుకుంటే బాగుండేది, కానీ అనలేదు. ఆ చల్లగాలి, ఆ బ్యాగు, నెలనెలా జీతం, మా ఆయనకి బండి, అత్త ఒంటిగది, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. "రేపు చెబుతానండి" అన్నాను.

బస్టాండులో మా వైపు రైతులు ఏడెనిమిది మంది మా చుట్టూ మూగారు. చుట్టబాబాయే అడిగాడు: "అమ్మాయ్, సూటిగా అడుగుతున్నా. నువ్వు వేయొద్దన్న మందులకి నాకు ఎంత మిగిలిందో నీకు తెలీదు, నాకు తెలుసు. వంకాయలు ఇచ్చి పంపేసి సిగ్గుపడుతున్నా. నువ్వు మా చెరువులు చూసి పెడితే నీకేం ఇవ్వాలి?" నాకు అంకెలు తెలియవు, అడగడం తెలియదు. పక్క నుంచి అత్త నా మోచేయి గిల్లింది. మా వైపు పట్టుబడి రోజున వల లాగినవాళ్ళకీ, ఏరినవాళ్ళకీ కూర రొయ్యలంటూ తలో దోసెడు ఇచ్చే అలవాటుంది. ఆ నిమిషంలో నాకు అదొక్కటే తోచింది. "పట్టుబడి నాడు కూర రొయ్యలు ఇస్తారు కదండీ, అలాగే నాకూ ఇవ్వండి" అన్నాను. "దోసెడా?" అని నవ్వారు. అత్త అందుకుంది: "దోసెడేంటి! చెరువుకి ఓ బుట్ట. పెద్ద బుట్ట. ఏరిన రొయ్య. పంట పోతే మాత్రం ఏమీ వద్దు." అందరూ అక్కడే తలలూపారు.

బస్సులో ఉయ్యూరు దాకా వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. చివరికి, "అత్తా, బుట్ట పంట చేతికొస్తేనే వస్తుంది. సారు జీతం నెల తిరిగితే వస్తుంది. నువ్వేగా అన్నావు, ఊరుకోమని చెప్పినందుకు కూలి ఎవడిస్తాడని?" అన్నాను. "అది నేనెప్పుడన్నాను?" అంది అత్త, కళ్ళార్పకుండా. తర్వాత గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించగా నేను వినడం అదే మొదటిసారి. "నా తట్టలో చేప నిన్నటిదైతే, ఇవాళ వద్దమ్మా, రేపు రా, తాజాది తెస్తానని గుమ్మంలోనే చెప్పేదాన్ని. అలా చెప్పిన రోజున బేరం పోయేది. ఆ ఇళ్ళే పాతికేళ్ళు నా దగ్గర కొన్నాయి. ఇంకో దాని గొంతు వింటే తలుపు కూడా తీసేవాళ్ళు కారు." అని, "గదిలో మీ ఇద్దరూ కిటికీ వైపు పడుకోండి. గాలి నాకు పడదు" అంది. నేను మొహం అటు తిప్పుకున్నాను. మడ్డి వాసనకి కళ్ళు నీళ్ళు కారతాయని అప్పుడే తెలిసింది.

సాయంత్రం ఏరేటరుగారు గట్టు మీదే ఉన్నాడు. హాలు సంగతి ఆయనకి అప్పటికే చేరిపోయింది, మా వైపు కబురు బస్సు కంటే ముందే దిగుతుంది. "తేల్చుకున్నావా?" అన్నాడు. "తేల్చుకున్నానండి. గట్టు ఖాళీ చేస్తామండి. సారు దగ్గరా చేరనండి." ఇక మోత మొదలవుతుందని చెవులు సిద్ధం చేసుకున్నాను. మోగలేదు. చెరువు కేసి చూశాడు, ట్రే కేసి చూశాడు, మొదటిసారి చిన్న గొంతుతో, "మరి నా చెరువులు ఎవరు చూస్తారే?" అన్నాడు. "నేనే చూస్తానండి బాబుగారూ. అందరితో పాటే. చెరువుకి ఓ బుట్టండి." "నాకూ బుట్టేనా? ఆరేళ్ళు షెడ్డిచ్చానే!" "అందుకే మీ చెరువులు ముందు చూస్తానండి." అప్పుడు మొదలైంది మోత, కృతజ్ఞత నుంచి కరెంటు బిల్లు దాకా. కానీ ఆ మోత మధ్యలో ఎక్కడో సరే అన్నాడు. మా ఆయన విన్నాడట, నేను వినలేదు. ఆయన చేసిన సాయం అదే, రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను. బ్యాగూ టోపీ సారుకి తిప్పి పంపించాను. బ్యాగు ఇచ్చేటప్పుడు కాస్త బాధేసింది, దానికి లోపల రెండు జేబులుండేవి.

మర్నాడు పొద్దున్నే చుట్టబాబాయి చెరువుకి వెళ్ళాను. కన్సల్టెంటుగా అదే నా మొదటి పొద్దు. ఆయన గట్టు మీద ఇంకో అయిదుగురు రైతుల్ని పోగేసి పెట్టాడు. "చూడండి, ఇప్పుడు ఆవిడ వచ్చి వేయొద్దంటుంది" అని ముందే ప్రకటించేసి, నా కోసం కుర్చీ కూడా వేయించాడు. నేను ట్రే లాగాను. రొయ్యని వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కితే పెంకు గట్టిగా అడ్డుకోలేదు, వేలు దిగింది. ఇంకోటి చూశాను, ఇంకోటి చూశాను. అన్నీ మెత్తనే. అమావాస్యా కాదు, పున్నమూ కాదు, పెంకు విడిచే రోజులు కావు. నీళ్ళలో సున్నం తగ్గిపోయింది, వేయకపోతే కుదరదు. ఊరంతా నన్ను పిలిచింది వేయొద్దనడానికి. నోరు తెరిచిన మొదటి రోజే వేయమంటే నాకూ సీసాల సారుకీ తేడా ఏముందని అనుకుంటారో! రెండు రోజులు ఆగి చూద్దామంటే ఎవరూ తప్పు పట్టరు, పేరు నిలుస్తుంది. ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల ట్రే పట్టుకుని అలా ఎంతసేపు నిలబడిందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పేరు వచ్చి ఒక్క పూట కాలేదు, అప్పుడే దాన్ని పోగొట్టుకుంటానని భయం! కానీ ఆ పిల్ల మీద నాకు ఈ రోజుకీ కాస్త అసూయ కూడా. ఇప్పుడు నాకు చెరువులు ఎక్కువ, అంత భయం లేదు.

"బాబాయిగారూ, సున్నం వేయాలండి" అన్నాను.

"వేయాలా?" అన్నాడు ఆయన. చుట్ట జారి నీళ్ళలో పడింది. "వేయొద్దంటావని కదే ఇంతమందిని పిలిచింది!"

"ఇవాళ వేయాలండి. ఆలస్యమైతే చెరువు పోతుంది. సీసా ఏం అక్కర్లేదు, మీ కొట్టంలో ఉన్న సున్నమే."

అయిదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, కొట్టంలోకి వెళ్ళి, సున్నం గంపకెత్తుకుని నెత్తిన పెట్టుకుని వచ్చి, గట్టు ఈ చివర్నుంచి చల్లడం మొదలుపెట్టాను. సగం చెరువు చుట్టూ తిరిగేసరికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఆరుగురూ, తలా ఒక గంప.